మీకు తెలుసా? లైటరు పోతే స్కానరూ పోతుంది

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. కారును షెడ్డుకు తీసుకెళ్లారు. మెకానిక్ స్టీరింగ్ కిందికి వంగి స్కానర్ గుచ్చాడు. లైటు రాలేదు. తీసి, నోటితో ఊది, మళ్లీ గుచ్చాడు. ఊహూఁ. నడుం పట్టుకుని లేచి, ‘ఈసీఎం పోయినట్టుంది సార్’ అన్నాడు. ఈసీఎం అంటే కారు కంప్యూటరు. ఆ మాట చెవిన పడగానే మనకు కారు కన్నా ముందు బ్యాంకు పాసుబుక్కు కళ్ల ముందు కదులుతుంది.

అక్కడే ఒక్క నిమిషం ఆగండి. స్కానర్‌లో లైటు రాకపోవడానికీ, ఈసీఎం పోవడానికీ దాదాపుగా చుట్టరికం లేదు.

ఆ లైటు ఎవరిది?

స్కానర్ మీద వెలిగే ఎర్రలైటుకు కరెంటు ఇచ్చేది కారు కంప్యూటరు కాదని మీకు తెలుసా? అది బ్యాటరీ నుంచి ఒక ఫ్యూజు మీదుగా తిన్నగా వస్తుంది. స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చే ఓబీడీ (ఆన్-బోర్డ్ డయాగ్నొస్టిక్స్) పోర్టులో రెండు వరసల్లో 16 రంధ్రాలుంటాయి. అందులో 16వది బ్యాటరీ ప్లస్. 4వది కారు బాడీ ఎర్త్. 5వది సిగ్నల్ ఎర్త్. ఓబీడీ-2 ప్రమాణం పాటించే కారు ఏ దేశంలో తయారైనా, ఏ కంపెనీదైనా ఈ మూడూ మారవు. తాళం తీసి జేబులో వేసుకున్నా సరే, 16వ రంధ్రంలో 12 వోల్టులు కాపలా కాస్తూ ఉండాల్సిందే. కంప్యూటరు తన కబుర్లు చెప్పేది వేరే రంధ్రాల్లో. ఇప్పటి కార్లలో అవి 6, 14.

కాబట్టి ఇవి రెండు వేర్వేరు జబ్బులు. లైటే రాకపోతే కరెంటు జబ్బు. లైటు వచ్చి, స్కానర్‌తో జతచేసిన ఫోనులో ‘కనెక్ట్ కాలేదు’ అని పడితే మాటల జబ్బు. ఈసీఎం నిలువునా చచ్చిపోయినా స్కానర్ లైటు వెలుగుతుంది. ఈసీఎం నిక్షేపంగా ఉన్నా ఆ లైటు వెలగకపోవచ్చు. ఇంకో మాట. ఇంజిన్‌కు పెట్రోలు ఎంత పోయాలో, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో చెప్పేది ఈసీఎమ్మే. కంప్యూటరు చచ్చిన కారు షెడ్డుకు తాడు కట్టుకుని వస్తుంది, సొంతంగా నడిచి రాదు. మీ బండి నడిచొచ్చిందా? అయితే ఈసీఎం మార్చమన్న వాడికి ఓ దండం పెట్టండి.

రంధ్రాలు లెక్కపెట్టడానికి చిన్న కిటుకు: పోర్టు వెడల్పు అంచు పైకి ఉన్నట్టు చూసుకుంటే, పై వరస ఎడమ నుంచి 1 మొదలై 8 దాకా. కింది వరస 9 నుంచి 16 దాకా. అంటే కింద కుడి చివరిది 16. కొన్ని కార్లలో పోర్టును తలకిందులుగా బిగిస్తారు. ముందు వెడల్పు అంచు ఎటుందో చూసుకోకపోతే లెక్క తప్పుతుంది.

ఫ్యూజుల ఉమ్మడి కాపురం

చాలా కార్లలో ఈ 16వ రంధ్రానికి సొంత ఫ్యూజు లేదు. సిగరెట్ లైటరుకూ దానికీ ఒకటే ఫ్యూజు. లైటరంటే ఇప్పుడు మనం ఫోను చార్జర్ గుచ్చుకునే 12 వోల్టుల సాకెట్టే. జనరల్ మోటార్స్ బళ్లలో ఈ పొత్తు ఎంత మామూలంటే, పోర్టులో లైటు రాలేదనగానే వాటి మెకానిక్‌లు ముందు చూసేది లైటరు ఫ్యూజునే. మరికొన్ని కంపెనీల కార్లలో లోపలి లైటుతోనో, రేడియోతోనో పొత్తు ఉంటుంది. టొయోటా కొన్ని మోడళ్లలో ఫ్యూజు బాక్సు మూత మీద ‘ఓబీడీ’ అని విడిగా పేరే రాసింది. వాళ్లకు పుణ్యముంటుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలియలేదు. మా చెల్లెలి కొడుకు నేర్పాడు. వాడికప్పుడు అయిదేళ్లు. కారులో గేరు రాడ్డు ముందున్న గుండ్రటి బొక్కను చూసి హుండీ అనుకుని, ఎక్కడో దొరికిన 50 పైసల బిళ్ల భక్తిగా వేశాడు. ఆ సాకెట్ అడుగున మధ్యలో ఉండే బొడిపె ప్లస్, చుట్టూ ఉన్న గోడ మైనస్. బిళ్ల అడ్డంగా పడి రెంటినీ కలిపేసింది. ఫ్యూజు టప్పుమంది, మాకెవరికీ వినపడలేదు. పది రోజులు నా ఫోను కారులో చార్జింగ్ ఎక్కలేదు. చార్జర్ పాడయిందనుకుని కొత్తది కొన్నాను. అదీ పనిచేయలేదు. నాసిరకం అంటగట్టాడని దుకాణంవాణ్ని నాలుగు తిట్టుకున్నాను.

తర్వాత వేరే పనిమీద షెడ్డుకు వెళితే, ముందు రాసిన నాటకమంతా అక్కడ నడిచింది. ఈసీఎం విప్పి రిపేరుకు పంపుదామన్నారు. పక్కనే ఇంకో బండికి హారన్ వైరింగ్ చేస్తున్న ఓ పెద్దాయన తల తిప్పకుండానే, ‘లైటర్‌లో చార్జింగ్ ఎక్కుతోందా సార్?’ అని అడిగాడు. ఎక్కట్లేదన్నాను. ‘అయితే ఫ్యూజు చూడమనండి’ అన్నాడు. అంతే. కొత్త ఫ్యూజుకు టీ డబ్బులు కూడా కాలేదు. ఇవాళ ఏ కొట్టువాడూ పుచ్చుకోని 50 పైసల బిళ్ల ఒక కారు కంప్యూటరుకు చావు కబురు చెప్పించబోయింది.

ఆ పెద్దాయన ప్రశ్నను మీరూ గుర్తుపెట్టుకోండి. పోర్టు చచ్చినప్పుడు దాంతో పాటు ఇంకేం చచ్చాయి? లైటరా, లోపలి లైటా, గడియారమా? ఆ జాబితాయే ఫ్యూజు చిరునామా చెబుతుంది.

రంగుల భాష

ప్లాస్టిక్ ఒళ్లు, రెండు కాళ్లు ఉండే ఇప్పటి ఫ్యూజు 1976లో లిటెల్‌ఫ్యూజ్ అనే అమెరికా కంపెనీ తెచ్చింది. దాని రంగే దాని కొలత. 7.5 ఆంపియర్లది గోధుమ రంగు, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. దాని నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి చూడండి. ఫ్యూజు పీకకుండానే పరీక్షించుకోడానికి వదిలిన కిటికీలు అవి. టెస్ట్ ల్యాంపు క్లిప్పును బాడీకి తగిలించి, మొనను రెండు చుక్కల మీదా ఆనిస్తే రెండుచోట్లా వెలగాలి. ఒకచోటే వెలిగితే ఫ్యూజు పోయింది. రెండుచోట్లా వెలగకపోతే ఫ్యూజు దాకా కరెంటే రావడం లేదు. పోర్టుతో పొత్తు లేని లైటరు ఫ్యూజు కొన్ని కార్లలో తాళం తిప్పితేనే ప్రాణం పోసుకుంటుంది, కాబట్టి తాళం ఆన్ చేసి కూడా చూడాలి.

కంటితో చూసి ‘బాగానే ఉంది’ అనేవాళ్లను నమ్మకండి. లోపలి తీగ వెంట్రుక వాసి చీలినా కంటికి ఆనదు.

రేకు వైద్యం

కొత్త ఫ్యూజు వేసీ వేయగానే మళ్లీ పోయిందనుకోండి. అప్పుడు మన దగ్గర ఒక ఘనమైన సంప్రదాయం ఉంది. సిగరెట్ పెట్టెలోని వెండి రేకు మడిచి దోపడం! సిగరెట్ లైటరు ఫ్యూజుకు సిగరెట్ రేకే మందన్నమాట. లేదా 10 ఉన్నచోట 30 వేయడం.

ఫ్యూజు ఉన్నది స్కానర్‌ను కాపాడటానికో, లైటరును కాపాడటానికో కాదు. అది కాపాడేది వైరును. ఆ వైరు ఎంత కరెంటు మోయగలదో చూసి ఫ్యూజు కొలత నిర్ణయిస్తారు. రేకు దోపితే ఫ్యూజు బదులు వైరే కాలుతుంది, డ్యాష్‌బోర్డు లోపల, మన మోకాళ్ల పక్కన.

దీనికి పాత ఎలక్ట్రీషియన్ల దగ్గర ముచ్చటైన విద్య ఉంది. ఫ్యూజు పీకి, దాని రెండు కాళ్లు దూరే గాళ్ల మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలుపుతారు. లోపల ఎక్కడో ప్లస్ వైరు బాడీకి తగులుతోంటే బల్బు నిండుగా వెలుగుతుంది. ఎంత పెద్ద షార్టయినా ఆ బల్బు దాటి రెండు ఆంపియర్లకు మించి పోదు, అంచేత ఏదీ కాలదు. ఇక ఒక్కొక్కటీ ఊడదీస్తూ పోవడమే. చార్జర్, మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్ కెమెరా... ఏది తీసినప్పుడు బల్బు ఆరిపోయిందో దొంగ అదే. ఒక్కో ఫ్యూజూ తగలేస్తూ వెతకడం కన్నా ఇది ఎంత నయమో, డబ్బా ఫ్యూజులు ఖర్చుపెట్టినవాళ్లకు తెలుస్తుంది.

చాలాసార్లు ఆ దొంగ, కారు కొన్న వారంలో మనమే పెట్టించుకున్న అలంకారం. తాళం తీసినా కరెంటు ఉండే వైరు కోసం చూసేవాళ్లకు పోర్టు వెనకాలది తేలిగ్గా దొరుకుతుంది. అక్కడ కోసి, మెలేసి, టేపు చుట్టేస్తారు. రెండు ఎండాకాలాలకు టేపు జిగురు కరిగి ఊడిపోతుంది.

మీటరు అబద్ధమాడుతుంది

ఈ ముక్క మాత్రం కాస్త నిదానంగా చదవండి. బాగా చదువుకున్నవాళ్లు బోల్తాపడేది ఇక్కడే.

ఫ్యూజు బాగుంది. డిజిటల్ మల్టీమీటర్‌తో 16వ రంధ్రంలో చూస్తే 12.4 వోల్టులు చూపిస్తోంది. అయినా స్కానర్ వెలగదు. ‘కరెంటు వస్తోందిగా, స్కానరే పాడు’ అని తీర్మానిస్తారు. నిజానికి ఆ వైరు లోపల తుప్పుపట్టి, పోగులన్నీ తెగి, ఒకే ఒక్క పోగు మీద వేలాడుతుండొచ్చు. మీటరుకు తన లెక్క చూసుకోడానికి కావలసిన కరెంటు దాదాపు సున్నా. దాని లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌ల దాకా ఉంటుంది. ఆ కాస్తా ఒక్క పోగులోంచి కూడా సులువుగా వచ్చేస్తుంది. స్కానర్‌కు దానికి వేల రెట్లు కావాలి. అది అడగ్గానే ఆ పోగు చేతులెత్తేస్తుంది, వోల్టేజీ కుప్పకూలుతుంది.

మూసిన కుళాయి వెనక పైపులో నీళ్ల ఒత్తిడి ఎప్పుడూ బాగానే ఉంటుంది. విప్పితే కదా దారంలా వస్తోందో, ధారగా వస్తోందో తెలిసేది!

అందుకే ఇరవై వేల రూపాయల మీటరు కన్నా, రెండు వైర్లు కట్టిన 5 వాట్ల పార్కింగ్ లైటు బల్బు ఇక్కడ నమ్మకమైన సాక్షి. బల్బు నిజంగా కరెంటు తాగుతుంది. క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు పెట్టి మొన 16కు తగిలిస్తే నిండుగా వెలగాలి. గుడ్డిగా వెలిగితే ప్లస్ వైరులోనే రోగం. తర్వాత క్లిప్పును బ్యాటరీ ప్లస్‌కు మార్చి, మొన 4కు తగిలించండి. ఇప్పుడూ అంతే నిండుగా వెలిగితే ఎర్త్ బాగున్నట్టు. 5వ దానికి మాత్రం మీటరు చాలు. అది సున్నితమైన ఎర్త్, బల్బు బరువు దాని మీద పెట్టొద్దు. మిగతా రంధ్రాల జోలికి బల్బుతో అసలు పోకండి. అవి కంప్యూటరు మాట్లాడుకునే తీగలు. అలాగే స్టీరింగ్ కింద పసుపు తొడుగు ఉన్న వైర్లు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

ఎర్త్‌ను ఎవరూ తలవరు. కరెంటు ‘రావడం’ గురించే అందరూ మాట్లాడతారు, అది తిరిగి వెళ్లాలని మరిచిపోతారు. పోర్టు ఎర్త్ వైరు బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. వానాకాలం తడి చెప్పులు, కార్పెట్ కిందికి కారే ఏసీ నీళ్లు, కాకినాడ, విశాఖల్లో అయితే ఉప్పుగాలి, అన్నీ కలిసి ఆ బోల్టు కింద తుప్పు పెంచుతాయి. విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగిస్తే బాగయ్యే జబ్బు ఇది.

పరీక్షే రోగమైతే

మీటరు లావు మొనను ఆ సన్నటి రంధ్రంలోకి బలంగా తోస్తే లోపలి రేకులు విచ్చుకుపోతాయి. ఆ తర్వాత స్కానర్ పిన్ను లోపలికి వెళ్తుంది కానీ ఎక్కడా తగలదు. బాగున్న పోర్టును వెతికి వెతికి పాడుచేయడమంటే ఇదే. పోర్టు వెనకవైపు, వైరు లోపలికి దూరేచోట సన్నటి గుండుసూదితో చూడాలి. స్కానర్ గుచ్చి అటూ ఇటూ కదిపితే లైటు మిణుకుమంటోందా? అయితే రేకులు వదులయ్యాయి.

అనాస పండు నుంచి ఓబీడీ దాకా

ఈ పోర్టు పుట్టుక వెనక ఒక అనాస పండు ఉంది. కాలిఫోర్నియాలో హాగెన్-స్మిట్ అనే డచ్ రసాయన శాస్త్రవేత్త అనాస వాసనలో ఏముందో తేల్చే పనిలో ఉండేవాడు. అప్పట్లో లాస్ ఏంజెలిస్‌ను కళ్లు మండించే పొగమంచు కమ్ముకుంటుండేది. పండు వాసనను పట్టిన పద్ధతిలోనే ఆయన ఊరి గాలినీ పట్టి చూశాడు. 1950ల మొదట్లో తేల్చిందేమిటంటే, కార్ల పొగకు ఎండ తగిలి ఓజోన్ తయారవుతోందని. కార్ల కంపెనీలకు ఆ మాట నచ్చలేదు. 1968లో ఆయనే కాలిఫోర్నియా గాలి వనరుల బోర్డుకు తొలి ఛైర్మన్ అయ్యాడు. కారు తన పొగ తానే చూసుకుని, తప్పు జరిగితే తానే ఒప్పుకోవాలన్న నిబంధనలు తర్వాత ఆ బోర్డు నుంచే వచ్చాయి. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఈ 16 రంధ్రాల పోర్టు తప్పనిసరైంది. మన దేశంలో ఓబీడీ-1 2010 ఏప్రిల్‌లో, ఓబీడీ-2 2013 ఏప్రిల్‌లో వచ్చాయి. అంతకన్నా పాత బండిలో అచ్చం ఇలాంటి సాకెట్టే కనిపించినా, మన చవక స్కానర్‌తో అది మాట్లాడకపోవచ్చు.

ఇంకో తమాషా. ఓబీడీ-2 రాకముందు చాలా కార్లలో తప్పు తెలుసుకోవాలంటే డయాగ్నొస్టిక్ సాకెట్‌లోని రెండు రంధ్రాలను ఓ కాగితాల క్లిప్పుతో కలిపేవారు. చెక్ ఇంజిన్ లైటు ఎన్నిసార్లు మిణుకుమంటే అది తప్పు నంబరు. ఆ పాత అలవాటును ఈ పోర్టు మీద ప్రయోగించి, తెలియక 16నూ 4నూ క్లిప్పుతో కలిపితే మిణుకుమనేది ఏమీ ఉండదు, ఫ్యూజు ఎగిరిపోవడం తప్ప.

కరెంటు వెనక్కీ నడుస్తుంది

బ్యాటరీ మార్చేటప్పుడు రేడియో, గడియారం మరిచిపోకుండా ఇదే పోర్టు నుంచి కారుకు 12 వోల్టులు ఎక్కించే పరికరాలున్నాయని తెలుసా? అవి పెట్టినంతసేపూ ఊడదీసిన బ్యాటరీ ప్లస్ కేబుల్‌లో ప్రాణం ఉంటుంది. అది బాడీకి తగిలితే మళ్లీ ఫ్యూజు గోవిందా. కొత్త బ్యాటరీ వేయించుకున్న మర్నాటి నుంచే పోర్టు చచ్చిందంటే ఈ అనుమానం కూడా పెట్టుకోండి.

లారీలు, విద్యుత్ కార్లు

మన దగ్గర పెద్ద లారీలు, బస్సులు చాలావరకు నడిచేది 24 వోల్టుల మీద. వాటి పోర్టు మధ్య గాడిని వేరుగా చేశారు, 12 వోల్టుల స్కానర్ అందులో దూరకూడదని. దూరకపోతే బలవంతం చేయకండి.

విద్యుత్ కారులోనూ పెద్ద బ్యాటరీ పక్కన చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. డయాగ్నొస్టిక్ పోర్టు ఉన్న కారులో దానికి కరెంటు ఇచ్చేది ఆ చిన్నదే. పెద్దది నూటికి నూరు పాళ్లు నిండి ఉన్నా, చిన్నది నీరసిస్తే స్కానర్ వెలగదు, ఒక్కోసారి తలుపూ తెరుచుకోదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్‌కు సైలెన్సర్‌లో గొట్టం పెడతారు. కాలిఫోర్నియాలో 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకు, డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల పొగ పరీక్ష ఉన్న కౌంటీల్లో, పరీక్షకుడు పోర్టులోనే గుచ్చుతాడు. పోర్టుకు కరెంటు లేకపోతే ఇంజిన్ ఎంత శుభ్రంగా ఉన్నా ఆ పరీక్ష గట్టెక్కదు. కాబట్టి వెళ్లేముందు లైటరులో చార్జర్ పెట్టి చూసుకోండి. పనిలో పని అని బ్యాటరీ కేబుల్ మాత్రం ఊడదీయకండి. ఊడదీస్తే కంప్యూటరు తన పాత పరీక్షలన్నీ మరిచిపోతుంది. అవి మళ్లీ పూర్తయ్యేదాకా కొన్ని రోజులు బండి నడపాలి. అంతవరకు ‘రెడీ కాలేదు’ అని తిప్పి పంపుతారు.

సెకండ్ హ్యాండ్ బేరంలో

పాత కారు కొనడానికి వెళుతున్నారా? నాలుగైదు వందల రూపాయల డాంగిల్ (ఫోనుతో పనిచేసే చిన్న స్కానర్) ఒకటి జేబులో వేసుకెళ్లండి. దాని చిప్పు అసలుదో నకలుదో ఈ పనికి అక్కర్లేదు. ఈఎల్ఎం327 అనే పేరుతో దొరికేవాటిలో నకళ్లే ఎక్కువ. ఆ చిప్పు కనిపెట్టిన కెనడా కంపెనీ 2022లో మూతపడింది కూడా. మనకు కావలసింది లైటు వెలుగుతుందా లేదా అన్నదే.

తాళం తిప్పకముందే గుచ్చండి. వెలగలేదనుకోండి, అది మోసమని అప్పుడే అనేయొద్దు. అమాయకంగా పోయిన లైటరు ఫ్యూజు కావొచ్చు, కారు దొంగల భయంతో యజమానే పోర్టుకు కరెంటు కోయించి ఉండొచ్చు. కానీ కంప్యూటరులో ఉన్న తప్పుల చిట్టా కొనేవాడి కంట పడకుండా ఫ్యూజు పీకేసి బేరానికి నిలబెట్టడం కూడా కష్టమైన పనేమీ కాదు. టార్చి వేసి రంధ్రాల్లోకి చూడండి. లోపలి రేకుల మీద పచ్చటి తుప్పు కనిపిస్తే ఆ కారు నీళ్లు తాగి ఉండొచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు డ్యాష్‌బోర్డు దాకా మునిగాయో గుర్తుంది కదా. అవన్నీ తుక్కుకే వెళ్లాయనుకోవడం అమాయకత్వం.

లైటు వెలగకపోతే బేరం అక్కడే ఆపి, ఫ్యూజు బాక్సు మూత తీసి చూపించమనండి. ఫ్యూజు ఉండాల్సినచోట ఖాళీ కనిపిస్తే, మీ జేబులోంచే 10 ఆంపియర్ల ఎర్రదో, 15 నీలందో, మూత మీద రాసిన కొలతది తీసి పెట్టి, అప్పుడు స్కానర్ గుచ్చండి.